కట్ చెప్పేవాడు లేని చోట

ఆ మధ్య ఒక పాఠక సోదరుడు కార్డు ముక్క మీద నాలుగంటే నాలుగే వాక్యాలు రాసి పంపాడు. "అన్నగారూ! మన సినిమాల్లో హీరో ఎండలో కొండలెక్కి, గుట్టలు దిగి, కారును కూడా దాటిపోయేలా పరిగెత్తుతాడు. అంత దూరం నిజంగా మనిషి పరిగెత్తగలడా? మీరెప్పుడైనా పరిగెత్తి చూశారా? లేక కుర్చీలో కూర్చుని రాయడమేనా?"

మొదటి మూడు వాక్యాలకూ నవ్వొచ్చింది. నాలుగోది గుచ్చుకుంది. ఎందుకంటే అది నిజం! ముప్పయ్యో పడి దాటాక నేను పరిగెత్తింది కృష్ణానగర్‌లో సిటీ బస్సు వెనకాల మాత్రమే. అదీ సగంసార్లు అందలేదు.

ఆ ఉత్తరానికి జవాబు రాయడానికి నాకు ఏడు నెలలు పట్టింది. ఆలస్యానికి ఆ సోదరుడు మన్నించాలి. ఈ ఏడు నెలలూ కాళ్ళతోనే జవాబు రాస్తున్నాను మరి!

హీరో పరుగు ఎవరిది?

ముందు సినిమా పరుగు సంగతి చెప్పుకుందాం. సెకనుకు 24 ఫ్రేములు మామూలు లెక్క. అంతకు రెట్టింపు, మూడింతల వేగంతో షాట్ తీసి, తెర మీద మామూలు వేగంతో వేస్తే అదే స్లో మోషన్. హీరో జుట్టు గాల్లో అలా అలా తేలుతుంది. నుదుటి మీద చెమట ముత్యాల్లా మెరుస్తుంది. ఆ ముత్యాల్లో చాలా భాగం మేకప్‌మన్ చేతిలోని స్ప్రే సీసాలోంచి వచ్చినవే. నిజం చెమట అంత అందంగా ఉండదు. కళ్ళలోకి కారి మండుతుంది. ఎండాక చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు కడుతుంది.

ఇక దూరం నుంచి తీసే షాట్లలో, బండరాళ్ళ మీంచి దూకే షాట్లలో పరిగెత్తేది చాలాసార్లు హీరో కాదు, డూప్! అలాంటి డూప్ ఒకాయన నాకు పదేళ్ళుగా పరిచయం. వయసు నలభై రెండు. పల్నాటి మనిషి. ఇద్దరు పిల్లలు. పేరు రాయొద్దన్నాడు. "నా మొహమే తెర మీద కనిపించదు, పేరెందుకు తమ్ముడూ?" అన్నాడు నవ్వుతూ. నేను ఆయన్ని అన్నా అని పిలుస్తాను కాబట్టి మీరు కూడా అలాగే అనుకోండి.

ఆ కార్డు అన్నకి చూపించాను. రెండుసార్లు చదివాడు.

"కుర్రాడు సరిగ్గానే అడిగాడు. సినిమాలో మేం ఎంత పరిగెత్తినా మూడు నిమిషాలే. డైరెక్టరు కట్ అనగానే ఆగిపోతాం, గొడుగు వస్తుంది, నీళ్ళొస్తాయి. కట్ చెప్పేవాడు లేని పరుగు ఒకటుంది. వస్తావా?"

అలా మొదలైంది నా పిచ్చి.

నలభై రెండు దాటితే...

మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లని మీకు తెలుసు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరిగెత్తించిన దూరం అది. 1921లో దాన్నే స్థిరపరిచారు. అంతకు మించి ఎంత పరిగెత్తినా అది అల్ట్రా మారథాన్. అందులోనూ తారు రోడ్డు మీద కాకుండా అడవి బాటల్లో, కొండదారుల్లో పరిగెత్తేది వేరే జాతి. దాన్ని ట్రయిల్ పరుగంటారు.

ఈ విద్యకు ఒక తమాషా కథ ఉంది. అమెరికాలో, కాలిఫోర్నియా కొండల్లో గుర్రాలకు నూరు మైళ్ళ పందెం జరిగేది. 24 గంటల్లో పూర్తి చెయ్యాలి. 1974లో గోర్డీ ఐన్స్‌లీ అనే ఆసామీ గుర్రం లేకుండా వచ్చాడు. గుర్రాలతో పాటే కాలినడకన బయల్దేరాడు. మండే ఎండలో, లోయల్లో పడి పరిగెత్తి 23 గంటల 42 నిమిషాల్లో చేరాడు! వెస్టర్న్ స్టేట్స్ అనే నూరు మైళ్ళ పరుగుకు అదే ఆది.

ఆ పరుగు మీద 'అన్‌బ్రేకబుల్' అని ఒక డాక్యుమెంటరీ ఉంది. 2010 నాటి పోటీని చిత్రించింది. అన్న గదిలో ఇద్దరం కూర్చుని చూశాం. స్పెయిన్ నుంచి వచ్చిన కిలియన్ జోర్నే, కొండల మీద జింకలాంటి వాడు. అంతటివాడూ ఆ లోయల వేడికి చిక్కి మూడో స్థానంతో సరిపెట్టుకున్నాడు. తర్వాతి ఏడాది, 2011లో, మళ్ళీ వచ్చి గెలిచాడు.

"చూశావా! కొండ ఆయన్ని ఓడించలేదు, ఎండ ఓడించింది" అన్నాడు అన్న.

మేం ఎంచుకున్నది నూరు మైళ్ళు కాదు లెండి. యాభై కిలోమీటర్లు. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో, మూసీ పుట్టే చోటికి దాపులో, మార్చి మూడో వారంలో. ఇరవై అయిదు కిలోమీటర్ల చుట్టు రెండుసార్లు తిరగాలి. పొద్దున అయిదున్నరకు మొదలు, మధ్యాహ్నం మూడున్నరకు గడువు. మూడున్నర దాటి ఒక్క నిమిషం తర్వాత చేరినా చేరనట్టే లెక్క.

ఎండతో స్నేహం

పరుగు నేర్చుకోవడమంటే తెల్లారుజామున చల్లగాలిలో కేబీఆర్ పార్కు చుట్టూ తిరగడమనుకున్నాను. మొదటి అయిదు నెలలూ అలాగే గడిచాయి. కిలోమీటరుకు రొప్పేవాణ్ణి కాస్తా పాతికకు వచ్చాను. 'ఇంకేం, హీరోనే!' అనుకుంటుండగా ఫిబ్రవరి చివర అన్న బాంబు పేల్చాడు.

"రేపట్నుంచి మధ్యాహ్నం రెండింటికి."

"రెండింటికా? ఎండదెబ్బ తగిలి పోతానన్నా!"

"అక్కడ పరిగెత్తేది రెండింటికే గదా? ఒంటికి ముందే పరిచయం చెయ్యాలి. పెళ్ళిచూపులు లేకుండా పీటల మీద కూర్చుంటావా?"

ఇందులో శాస్త్రం ఉంది. మనం పరిగెత్తేటప్పుడు కండరాలు ఖర్చు పెట్టే శక్తిలో పావు వంతే పరుగుకు పనికొస్తుంది. మిగతా ముప్పావు వేడిగా మారుతుంది. ఆ వేడిని బయటికి పంపడానికి శరీరానికి ఉన్న పెద్ద ఉపాయం చెమట. చెమట పట్టడం కాదు, అది ఆరడం ముఖ్యం. ఆరితేనే చల్లదనం. అందుకే విశాఖలో ముప్పై మూడు డిగ్రీలు, తాండూరులో ముప్పై ఏడు డిగ్రీల కన్నా ఒక్కోసారి ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. గాలిలో తేమ ఉంటే చెమట ఆరదు గదా!

రోజూ గంటసేపు ఎండలో మెల్లగా కదిలితే పది పద్నాలుగు రోజుల్లో ఒళ్ళు దారికొస్తుంది. చెమట ముందుగా పట్టడం మొదలవుతుంది, ఎక్కువ పడుతుంది, దాంట్లో ఉప్పు తగ్గుతుంది. అదే పనికి గుండె ఇదివరకటంత కొట్టుకోదు. ఇది నాకు చదివితే నమ్మబుద్ధి కాలేదు. తొలిరోజు రెండు కిలోమీటర్లకే చెట్టు కింద కూలబడ్డవాణ్ణి, పన్నెండో రోజున అదే ఎండలో ఎనిమిది కిలోమీటర్లు పోయి వచ్చాను.

రెండో పాఠం నీళ్ళు. 'బాగా నీళ్ళు తాగు' అని ఎవరైనా చెబుతారు. అన్న మాత్రం 'దాహమైతే తాగు, పోటీపడి తాగకు' అన్నాడు. నిజమే! ఉప్పు లేని నీళ్ళు అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రాణం మీదికొస్తుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో గమ్యం చేరాక రక్తం పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి సోడియం ఉండాల్సిన దానికన్నా తక్కువగా ఉందట. అందుకని మా సంచుల్లో ఓఆర్ఎస్ పొట్లాలు, ఉప్పేసిన మజ్జిగ సీసా, ఉప్పు చల్లిన ఉడికించిన ఆలుగడ్డలు. నొప్పి మాత్రలు మాత్రం ససేమిరా వద్దన్నాడు అన్న. ఒంట్లో నీరు తగ్గినప్పుడు వాటిల్లో కొన్ని మూత్రపిండాలకు చేటు చేస్తాయి.

మూడో పాఠం అన్న సొంతది. ఏ పుస్తకంలోనూ లేదు. అది చివర్న చెబుతాను.

మొదటి చుట్టు: ఇంటర్వెల్‌కు ముందు

ఆ ఆదివారం తెల్లవారుజామున తలదీపాలు పెట్టుకుని అరవై మంది దాకా నిలబడ్డాం. చల్లగా ఉంది. ఎర్రమట్టి తడి వాసన. ఎక్కడో నెమలి అరిచింది. అన్న చెవిలో చెప్పాడు: "మొదటి చుట్టు నువ్వు సిగ్గుపడేంత మెల్లగా వెళ్ళు."

విన్నానా? వినలేదు! ఎలా వింటాను? తెల్లవారేసరికి కొండల మీద మోదుగ పూలు నిప్పు కణికల్లా పూసి ఉన్నాయి. కాళ్ళ కింద బాట మెత్తగా ఉంది. ముందు ఒక కాలేజీ పిల్ల చెంగుచెంగున పోతోంది. ఆమె వెనక పడిపోవడం మగతనానికి లోటనిపించింది. (ఆ అమ్మాయి నాకన్నా గంటన్నర ముందు చేరింది. మగతనం సంగతి ఆమెకు బొత్తిగా తెలియదు!) మార్చిలో టేకు ఆకంతా రాలిపోయి ఉంటుంది. ఆ ఎండుటాకుల కింద రాయి ఎక్కడుందో, గొయ్యి ఎక్కడుందో కనిపించదు. రెండుసార్లు బోర్లా పడ్డాను. మోకాలు చిట్లింది. పట్టించుకోలేదు.

మొదటి చుట్టు మూడు గంటల ముప్పై అయిదు నిమిషాల్లో అయింది. తొమ్మిదీ అయిదు. లెక్క వేశాను. ఇదే లెక్కన పోతే ఒంటిగంట లోపే అయిపోతుంది! అన్న నా వెనక అయిదు నిమిషాలకు వచ్చాడు. నా మొహం చూసి ఏమీ అనలేదు. మంచుముక్కలు చుట్టిన తువ్వాలు నా మెడ మీద వేశాడు.

"ఇంతవరకూ టైటిల్స్ తమ్ముడూ. ఇప్పుడు సినిమా."

రెండో చుట్టు: సినిమా

పదిన్నరకు నీడ పోయింది. ఆకు రాలిన టేకుచెట్టు నీడ ఎంతుంటుంది? చేపముల్లు గీసినట్టు నేల మీద నాలుగు గీతలు. ఎర్రమట్టి కింది నుంచి సెగలు కక్కుతోంది, పైనుంచి సూర్యుడు. పొద్దున పరిగెత్తి ఎక్కిన గుట్టలే ఇప్పుడు చేతులు మోకాళ్ళ మీద ఆనించి ఎక్కుతున్నాను. దిగడం అంతకన్నా నరకం. తొడల ముందు కండరాలు ప్రతి అడుగుకూ కేకలు పెడుతున్నాయి. పొద్దున్నే ఖర్చు పెట్టేసిన డబ్బు మధ్యాహ్నం అప్పుగా తిరిగొచ్చింది. వడ్డీతో సహా!

ఈసారి అన్న, నేను కలిసే వెళ్తున్నాం. ఆయన దూకుతూ దిగుతున్నాడు. ఇరవై ఏళ్ళు బండల మీంచి దూకిన కాళ్ళు గదా. 'ఈయనుంటే చాలు, నన్ను లాక్కుపోతాడు' అనుకున్నాను.

ముప్పై ఏడో కిలోమీటరు దగ్గర చింతచెట్టు కింద నీళ్ళ శిబిరం. పన్నెండుకు పది నిమిషాలుంది. వాలంటీరు కుర్రాడి ఫోను ముప్పై ఏడు డిగ్రీలు చూపిస్తోంది. నేను సీసా నింపుకుని వెనక్కి తిరిగేసరికి అన్న కుర్చీలో కూర్చుని చేతికి కట్టిన పట్టీ కత్తిరించమని అడుగుతున్నాడు. ఆ పట్టీ కత్తిరిస్తే పోటీలోంచి తప్పుకున్నట్టే!

"అన్నా! ఏమిటిది?"

"నాకు కట్."

నాకు అర్థం కాలేదు. మనిషి చూస్తే బాగానే ఉన్నాడు. మాట బాగానే ఉంది. ఇంకా మూడున్నర గంటల టైముంది. పదమూడు కిలోమీటర్లే మిగిలాయి. నడుచుకుంటూ పోయినా చేరతాడు. దాచడమెందుకు? ఆ క్షణాన నాకు కోపం కూడా వచ్చింది. 'సినిమాల్లో అన్నిసార్లు ప్రాణానికి తెగించి దూకినవాడు ఇక్కడ ఇలా చేతులెత్తేస్తాడా?' అనుకున్నాను. నోటితో అనలేదు గాని, మొహం మీద చదివేసి ఉంటాడు.

"చెయ్యి చూడు" అన్నాడు.

చూశాను. ఆ మండుటెండలో ఆయన ముంజేతి మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. చలి వేస్తోందట!

"తల దిమ్ముగా ఉంది. ఇందాక దిగేటప్పుడు రెండుసార్లు కాలు తప్పింది. నాకు కాలు తప్పదు తమ్ముడూ. అదే నా వృత్తి. నంబరు కూడా రెండుసార్లు తప్పింది."

ఇదీ నేను చెబుతానన్న మూడో పాఠం! ఎండలో పరిగెత్తేటప్పుడు ప్రతి రెండు కిలోమీటర్లకూ ఆయన తన ఫోను నంబరును వెనక నుంచి ముందుకు చెప్పుకుంటాడు. కాళ్ళ నొప్పి నిన్ను మోసం చేస్తుంది. ఒక్కోసారి లేనిది ఉన్నట్టు, ఉన్నది లేనట్టు. తల మాత్రం వేడెక్కితే లెక్క తప్పుతుంది. అది అబద్ధం చెప్పదంటాడు.

ఒంట్లో వేడి నలభై డిగ్రీలు దాటి, మనిషి తికమకపడుతున్నాడంటే అది వడదెబ్బ. అప్పుడిక తనకేమైందో తనకే తెలియదు. పక్కనున్నవాళ్ళు గుర్తించి అక్కడికక్కడే చల్లటి నీళ్ళలో ముంచాలి, లేదా ఒళ్ళంతా నీళ్ళు పోసి విసరాలి. ముందు చల్లబరచడం, తర్వాతే ఆసుపత్రికి తీసుకెళ్ళడం. ఆ గీటుకు ఇవతలే ఉండగా ఆగితేనే మనం ఆగినట్టు. గీటు దాటాక మనల్ని ఎవరో ఆపాల్సిందే.

శిబిరంలో డాక్టరుంది. కుర్రాళ్ళు బకెట్లతో అన్న నెత్తి మీద నీళ్ళు పోశారు. మెడకు, చంకల్లో మంచు పెట్టారు. ఇరవై నిమిషాల్లో ఆయన మొహంలో రంగు మారింది. నేను అక్కడే ఉంటానన్నాను.

"నాకు డాక్టరుంది. నువ్వెందుకు? ఏదీ, నీ నంబరు చెప్పు."

వెనక నుంచి ముందుకు చెప్పాను. తప్పలేదు.

"అయితే పో. గురువారం నాకు షూటింగుంది తమ్ముడూ. నెల రోజుల తర్వాత వచ్చిన పిలుపు. ఇక్కడ మెడల్ తెచ్చుకుని అక్కడ మంచాన పడితే మా ఇంట్లో పొయ్యి మెడల్‌తో వెలగదు గదా."

నలభై ఆరో కిలోమీటరు

అక్కడి నుంచి నేను ఒంటరి. పరుగు లేదు, నడకే. ఎక్కడైనా వాలు వస్తే నాలుగడుగులు జాగింగ్. ప్రతి కాలవ దగ్గరా టోపీ తడుపుకుందామంటే కాలవలన్నీ ఎండిపోయి ఉన్నాయి. ఎదురుగా మేకలు, వాటి వెనక ఒక పెద్దాయన. నన్ను చూసి "ఎవ్వలు తరుముతుండ్రు బిడ్డా?" అని అడిగాడు. ఏం చెప్పను? "ఎవ్వరూ లేరు తాతా" అన్నాను. ఆయన నమ్మలేదు. వెనక్కి తిరిగి చూశాడు!

ప్రతి రెండు కిలోమీటర్లకూ నంబరు. ముప్పై తొమ్మిదిలో సరి. నలభై ఒకటిలో సరి. నలభై రెండు దాటగానే, 'ఓహో, నేనిప్పుడు అల్ట్రా మనిషిని' అని గట్టిగా అరవాలనిపించింది. గొంతులో తడి లేదు. నలభై నాలుగులో సరి, కాస్త ఆలస్యంగా.

నలభై ఆరో కిలోమీటరు బోర్డు దగ్గర నంబరు తప్పింది.

మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ తప్పింది. తొమ్మిది తర్వాత నాలుగా, ఏడా? పదేళ్ళుగా వాడుతున్న నా నంబరే!

టైము రెండూ ఇరవై అయిదు. గడువు మూడున్నర. నాలుగు కిలోమీటర్లు. ఆగకుండా నడిస్తే హాయిగా చేరతాను. ఆగితే ఏమో! ఇంతలో ఇద్దరు నన్ను దాటిపోయారు. ఒకాయన "ఇంకెంతండీ, నాలుగే!" అని భుజం తట్టాడు. పాఠకులారా, ఆ క్షణంలో నాకు కలిగిన ఊహ చెబితే సిగ్గుగా ఉంటుంది. 'నంబరుదేముంది, ఇంట్లో కూర్చున్నా తప్పుతాం. ఎవరు చూశారు?' అనుకున్నాను. నిజమే, ఎవరూ చూడలేదు. అదే అసలు చిక్కు.

ఒక బండ పక్కన జానెడు నీడ కనిపించింది. కూర్చున్నాను. మిగిలిన నీళ్ళలో సగం మెడ మీద, తల మీద పోసుకుని టోపీతో విసురుకున్నాను. మిగిలిన సగంలో ఓఆర్ఎస్ కలిపి గుక్కగుక్కగా తాగాను. పది నిమిషాలయ్యాక నంబరు తప్పితే వెనకనున్న శిబిరానికి ఫోను చేద్దామని నిశ్చయించుకున్నాను. ఫోను తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఏడు నెలల కష్టం, ఆ కార్డుకు జవాబు, పత్రికలో ఫొటో, అన్నీ ఆ పది అంకెల మీద ఆధారపడి ఉన్నాయి. నా జీవితంలో ఏ పరీక్ష ఫలితం కోసమూ అంత భయపడలేదు.

పన్నెండు నిమిషాలయ్యాయి. గాలి కాస్త విసిరింది. తడి చొక్కా చల్లబడింది. కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. ఒక్కొక్క అంకే వచ్చింది. పదీ వచ్చాయి. మళ్ళీ ఒకసారి చెప్పాను. పదీ వచ్చాయి.

లేచాను. మిగిలిన దారి ఎక్కువగా దిగుడే. పరిగెత్తానని అనను. పడకుండా కదిలాను. మూడూ ఇరవై నాలుగుకు గీత దాటాను. గడువుకు ఆరు నిమిషాలు మిగిలాయి. నా వెనక ఒక్కడే ఉన్నాడు. సంగీతం లేదు, స్లో మోషన్ లేదు. మోషనే స్లోగా ఉంది!

గీత అవతల తడి తువ్వాలుతో అన్న నిలబడి ఉన్నాడు. శభాష్ అనలేదు. కౌగిలించుకోలేదు.

"ఏదీ, నంబరు చెప్పు" అన్నాడు.

తెర మీద కనిపించనిది

ఇంటికొచ్చి రెండు రోజులు మెట్లు దిగలేక వెనక్కి తిరిగి దిగాను. మూడో రోజు ఒక సినిమా మళ్ళీ చూశాను. 2016లో వచ్చిన హిందీ చిత్రం, 'బుధియా సింగ్ - బార్న్ టు రన్'. కోచ్‌గా మనోజ్ బాజ్‌పాయ్ నటించాడు. దర్శకుడు సౌమేంద్ర పాఢీ. కథ నిజంగా జరిగింది. 2006 మే నెలలో ఒడిశాలో, పూరీ నుంచి భువనేశ్వర్ వైపు, నాలుగేళ్ళ పసివాడు బుధియా సింగ్ 65 కిలోమీటర్లు పరిగెత్తాడు. ఏడు గంటల రెండు నిమిషాలు! దేశమంతా ముక్కున వేలేసుకుంది. కాని ఆఖర్న ఆ పిల్లవాడు తూలి పడిపోయాడు. తర్వాత ప్రభుత్వం వాడి దూరపు పరుగుల్ని నిషేధించింది.

మొదటిసారి ఆ సినిమా చూసినప్పుడు నేనూ చప్పట్లు కొట్టాను. 'ఎంత గుండె!' అనుకున్నాను. ఈసారి చప్పట్లు రాలేదు. మే నెల, సముద్రతీరపు తేమ, నాలుగేళ్ళ ఒళ్ళు. వాడికి నంబరు వెనక నుంచి చెప్పుకోవడం తెలుసా? చలి వేస్తే దానర్థమేమిటో తెలుసా? కట్ అనే మాట వాడి నోట్లో లేదు. అది చుట్టూ ఉన్న పెద్దల నోట్లో ఉండాలి. వాళ్ళందరూ చప్పట్లలో ఉన్నారు.

మనకు పరుగు సినిమాలు తక్కువేం లేవు. 1991లో అశ్వినీ నాచప్ప స్వయంగా నటించిన మన 'అశ్విని' ఉంది. 2013లో మిల్ఖా సింగ్ కథ వచ్చింది. అన్నింట్లోనూ పడినవాడు లేచి పరిగెత్తడమే క్లైమాక్స్. హాల్లో ఈలలు అక్కడే పడతాయి. పడకముందే కూర్చున్నవాడి మీద సినిమా తీస్తే ఎవరు చూస్తారు? నేను మాత్రం అలాంటి సినిమా ఒకటి చూశాను. చింతచెట్టు కింద, ప్లాస్టిక్ కుర్చీలో, మధ్యాహ్నం పన్నెండు గంటల ఆట. ప్రేక్షకుణ్ణి నేనొక్కణ్ణే. ఆ సీను అప్పుడు నాకు నచ్చలేదు. నలభై ఆరో కిలోమీటరు దగ్గర గాని అర్థం కాలేదు.

కాబట్టి కార్డు రాసిన సోదరా, నీ ప్రశ్నకు జవాబు: పరిగెత్తగలడు. మామూలు మనిషి, కుర్చీలో కూర్చుని రాసే మనిషి కూడా, మెల్లగా నేర్చుకుంటే ఎండలో యాభై కిలోమీటర్లు పోగలడు. నువ్వూ పోగలవు. ముందు డాక్టరుకు చూపించుకో, ఏడు నెలలు తీసుకో, ఎండను పరిచయం చేసుకో, ఒంటరిగా పోకు. అన్నిటికన్నా ముందు నీ ఫోను నంబరు వెనక నుంచి నేర్చుకో!

గురువారం షూటింగుకు అన్న వెళ్ళాడు. పటాన్‌చెరు అవతల క్వారీలో ఛేజింగ్. నేనూ చూడ్డానికి వెళ్ళాను. పదకొండు టేకులు. డైరెక్టరు కట్ అన్న ప్రతిసారీ అన్న ఆగి, నా వైపు చూసి నవ్వాడు. ఆ సినిమా మీ ఊరొచ్చినప్పుడు, హీరో బండ మీంచి దూకే ఆ షాటులో వీపు మాత్రమే కనిపిస్తుంది. ఈల వెయ్యాలనిపిస్తే వెయ్యండి. ఎవరికి వేస్తున్నారో ఇప్పుడు మీకు తెలుసు.

వచ్చేవారం కలుద్దాం. మెట్లు మామూలుగా దిగగలిగితే!